అడ్వాన్సు తిరిగొచ్చింది, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు

ఖాళీ చేసిన ఇంటి అడ్వాన్సు నిన్న ఖాతాలో పడింది. పెయింటింగు కింద ఒక నెల అద్దె పట్టుకున్నారు. అది అగ్రిమెంటులో ముందే రాసుకున్నది కాబట్టి దాని మీద నాకు పేచీ లేదు. మిగతాది మొత్తం వచ్చింది. సాయం చేసినవాళ్లకు ఫోన్ చేసి చెప్పాను గానీ, నలుగురిలో చెప్పకపోతే తృప్తిగా లేదు.

విషయం తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. పడగ్గది గోడకు అవతల బాత్రూము. లోపల పైపు ఎక్కడో కారుతూ, బీరువా వెనక గోడంతా చెమ్మ పట్టి, సున్నం పెచ్చులుగా ఊడి, నేల దగ్గర నల్లగా బూజు కట్టింది. బాగు చేయించమంటే "చూద్దాంలేమ్మా" అంటూ వచ్చిన ఓనరుగారు, ఖాళీ చేశాక ఆ గోడ నేనే పాడుచేశానని ఖర్చంతా నా లెక్కలో రాశారు. నోటీసు ఇవ్వకుండా వెళ్లానని ఇంకో నెల అద్దె దానికి తోడు. అన్నీ పోగా నాకు మిగిలేది దాదాపు ఏమీ లేదు.

ఆ నోటీసు మాట నిలవకుండా చేసింది మా ఆఫీసులో సీనియర్ అన్నయ్య. వాట్సాప్‌లో పెడితే చాలదా అంటే ఒప్పుకోలేదు. సంతకం పెట్టిన కాగితాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకునేదాకా నా వెంటపడ్డారు. మా పదకొండు నెలల అగ్రిమెంటు గడువు ఎప్పుడో అయిపోయింది, అద్దె మాత్రం నెలనెలా తీసుకుంటూనే ఉన్నారు. ఇలాంటి నెలవారీ అద్దెకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. కాకపోతే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అగ్రిమెంటులో నెల అని ఉంది కదా అని నేను నెల ముందే ఇచ్చాను. రసీదు చూపించాక ఆ ఊసు మళ్లీ రాలేదు.

నాకంటే ముందు ఆ ఇంట్లో ఉన్న అక్కను నేనెప్పుడూ చూడలేదు. వాచ్‌మన్ బాబాయి ద్వారా నంబరు సంపాదించి ఫోన్ చేస్తే, నేను చెప్పేలోపే "ఆ గోడ సంగతేనా?" అన్నారు. పాత ఫోన్ వెతికి మరీ ఫోటోలు పంపారు. అదే మూల, అదే చెమ్మ, స్విచ్‌బోర్డు కింద అదే బీట. తేదీ చూస్తే నేను ఇంట్లో దిగకముందుది. కావాలంటే వచ్చి చెబుతానని కూడా అన్నారు. తనకు ఒరిగేదేమీ లేని పనికి అంత ఓపిక ఎవరికుంటుంది!

ఇక జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయర్ మేడమ్. 1987 నాటి న్యాయ సేవల చట్టం, 12వ సెక్షన్ కింద మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఉచితం కదా, మొక్కుబడిగా చూస్తారనుకునేవాళ్లు ఈవిడ పని చూడాలి. అగ్రిమెంటు ప్రతి లైను కింద వేలు పెట్టి చదివారు. ఇల్లు తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి గానీ, మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు అద్దెకున్నవాళ్లు బాధ్యులు కారని ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ చూపించారు. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే మాత్రం ఆ రాతే చెల్లుతుందట. అందుకే పెయింటింగు జోలికి పోవద్దని, గోడ దగ్గరే పట్టుబట్టమని అన్నారు. అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదని నేను చదివి పట్టుకెళ్లిన పాయింటును పక్కన పెట్టించారు. అది 2021 నాటి నమూనా అద్దె చట్టంలోది, రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకుంటే తప్ప వర్తించదు.

సంస్థ నుంచి ఓనరుగారికి కబురు వెళ్లింది. కేసు దాకా పోకుండా ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించారు, కోర్టు ఫీజు కూడా లేదు. అక్క పంపిన ఫోటోలు బల్ల మీద పెడితే ఓనరుగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, చివరికి "పైపు పాతదేలెండి" అన్నారు. ఆయన్ని తిట్టడానికి ఈ పోస్టు రాయట్లేదు, ఒప్పుకున్నాక మాట తప్పలేదు. రాజీని లోక్ అదాలత్‌లో అవార్డుగా, అంటే తీర్పుగా రాయించారు. దానికి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు.

వాచ్‌మన్ బాబాయికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. తాళాలు అప్పగించేరోజు నేను గదులు వీడియో తీస్తుంటే, కుళాయిలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూపించాడు. ఆయనకు ఇబ్బంది కాకూడదని పేరు రాయట్లేదు.

నేను పంపిన నోటీసు నకలు ఎవరికైనా కావాలంటే అడగండి, పేర్లు కొట్టేసి పంపుతాను.