కరెంటు పోయినా ఆగని హోరు

ఒరేయ్ మామా,

జవాబు ఆలస్యమైంది, క్షమించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చెల్లికి విజయవాడలోనే పోస్టింగ్ వచ్చింది, మిగతావన్నీ మామూలే. నీ సినిమా రఫ్ కట్ (తొలి కూర్పు) చూశాను. ఒక్క మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు: జబ్బు వల్ల నీ హీరోకి మాత్రమే వినపడే గొంతులకి గుహలో మాట్లాడినట్టు ఎకో పెట్టావే, అది తీసెయ్.

ఎకో చెవిన పడగానే చూసేవాడు "ఇది వాడి తలలోది" అని తేల్చేసుకుని నిమ్మళంగా కూర్చుంటాడు. నీ హీరోకి ఆ నిమ్మళం ఎక్కడుంది? వాడికి అది పక్కగదిలో ఎవరో అన్న మాట. లాడ్జ్ కెరిగన్ తీసిన 1993 నాటి సినిమా ‘క్లీన్, షేవెన్’ మళ్లీ చూడు, ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. అందులో స్కిజోఫ్రెనియా ఉన్న హీరో పీటర్‌కి తన తలలో రిసీవర్, వేలిలో ట్రాన్స్‌మిటర్ ఉన్నాయని నమ్మకం. రేడియో గరగర, తీగల హోరు, తెగిన మాటల ముక్కలు అన్నీ కలిసి వినిపిస్తాయి. కారులో నిజంగానే రేడియో ఉంది, బయట నిజంగానే కరెంటు తీగలున్నాయి. ఏది లోకంలోదో ఏది వాడిదో మనం విడదీయలేం. ఆ కథలో జరిగిన హత్య చేసింది వీడేనేమో అని మనకి అనుమానం పుట్టడంలోనూ ఆ చప్పుళ్ల చెయ్యి ఉంది. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది రా, జబ్బుమనిషిని చప్పుడు విని అనుమానించామే అని.

నీ కథంతా రెండు గదుల ఇల్లు. అక్కడ తీగల పని ఇంట్లో కరెంటే చెయ్యాలి. టెలిఫోన్ పికప్ కాయిల్ ఒకటి సంపాదించు, రబ్బరు కప్పుతో అంటుకునే చిన్నది, కరెంటు వస్తువుల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని శబ్దంగా పట్టేది. దాన్ని రికార్డర్ మైక్ సాకెట్‌లో పెట్టు, ప్లగ్-ఇన్ పవర్ (రికార్డర్ మైక్‌కి పంపే కొద్దిపాటి కరెంటు) ఆపెయ్. ఫోన్ చార్జర్, ఫ్యాన్ రెగ్యులేటర్, రౌటర్, ఎల్ఈడీ ట్యూబు, మిక్సీ, ఒక్కోదాని పక్కన పెట్టి రెండేసి నిమిషాలు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ సెట్టింగులో రికార్డు చెయ్. శబ్దం బాగా పెరిగిన చోట కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండనీ. అంగుళం జరిపితే చాలు, శబ్దం వేరైపోతుంది. ఏదీ విప్పకు, ప్లాస్టిక్ పైనుంచే వస్తుంది.

అన్నట్టు, నెట్‌లో సౌండ్ లైబ్రరీ నుంచి దించుకున్న హమ్ (కరెంటు హోరు) వాడేముందు చూసుకో. అమెరికా కరెంటు సెకనుకి 60 సార్లు ఊగుతుంది (60 హెర్ట్జ్), మనది 50. మన ఇళ్లలో పెరిగిన చెవికి ఆ తేడా ఏదో తెలియని పరాయితనంలా తగులుతుంది. ఇంకోటి, ఫోన్ స్పీకర్లో 50 అసలు పలకదు. కొంచెం సాచురేషన్ (శబ్దాన్ని కాస్త చెదరగొట్టి పై స్వరాలు పుట్టించే ఎఫెక్టు) వేసి 150, 250, 350 హెర్ట్జ్ పైకి తే, లేకపోతే సగంమందికి నీ సినిమాలో హోరే ఉండదు. డైలాగు కింద మాత్రం ఆ పైవాటినే తగ్గించు, మాట మింగేస్తాయి.

సంగీతం కావాలని పట్టుబట్టావు కదా, ఒకే స్వరం చాలు. కీబోర్డు మీద కింది జి స్వరం 98 హెర్ట్జ్. హోరులో 100 ఉంటుంది. రెండూ కలిపితే సెకనుకి దాదాపు రెండుసార్లు ఊగుతుంది. చూసేవాడికి కారణం తెలియదు గానీ కుర్చీలో కదులుతాడు. ఇంతకు మించి ఒక్క వాయిద్యం కూడా...

సరే, గొంతులు. "చచ్చిపో" లాంటి మాటలే ఎందుకు రాశావు? గొంతులు వినేవాళ్లలో చాలామందికి తమ పనుల మీద వ్యాఖ్యానం వినపడుతుంది: "గ్లాసు తీశాడు. ఇప్పుడు కిటికీ వేస్తాడు చూడు." మామూలు గొంతుతో, వీధిలోవాళ్ల యాసలో చదివించు. చిన్న స్పీకర్ పక్కగదిలో పెట్టి, తలుపు ఓరగా తీసి, నటుడి చెవి ఉండే చోట మైక్ పెట్టి మళ్లీ రికార్డు చెయ్. ఆ గది నిజం కాబట్టి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ ప్లగిన్నూ అంత బాగా చెయ్యలేదు.

ఇక అసలు సంగతి, కరెంటు పోయే సీను! అప్పటిదాకా రెండు నిమిషాల్లో హోరుని 6 డెసిబెల్స్ పెంచుకుంటూ రా, ఎవరూ పట్టుకోలేరు. కరెంటు పోగానే ఫ్యాను, ఫ్రిజ్, ట్యూబు అన్నీ ఆపెయ్. రూమ్ టోన్ (ఖాళీ గదికి ఉండే సన్నని నిశ్శబ్దపు చప్పుడు) మాత్రం ఉంచు, పూర్తి సున్నా పెడితే థియేటర్లో స్పీకర్ పోయిందనుకుంటారు. హీరో అక్క "హమ్మయ్య" అంటుంది. అప్పుడు హోరు మళ్లీ మొదలవ్వాలి, వాడికి మాత్రమే, అదే హోరు, 4 డెసిబెల్స్ తక్కువలో. సినిమా మొత్తంలో లోపలిదీ బయటిదీ విడిపోయేది ఆ ఒక్కచోటే. సినిమాలో ఇంకెక్కడా ఆ తేడా చెప్పకు, నీకు దండం పెడతా.

ఆ సీనుకి రూమ్ టోన్ కనీసం నిమిషం ఉందా? లేకపోతే ఆ ఇంటికి మళ్లీ వెళ్లి, మెయిన్ స్విచ్ ఆపి, రాత్రిపూట పట్టుకురా. నటుడి ఊపిరి విడిగా, మైక్ జానెడు దూరంలో పెట్టి... అయ్యో, కొరియర్ అబ్బాయి వచ్చేశాడు, పెన్‌డ్రైవ్‌తో పాటు ఇదీ ఇచ్చేస్తున్నా. ఊపిరి గురించి రేపు ఫోన్లో.

నీ
మామ