వీసా ఫైలు విషయంలో మీ సంస్థ ఉలుకూ పలుకూ లేకపోవడంపై ఫిర్యాదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

వీసా సేవల సంస్థ మేనేజర్ గారికి,

అయ్యా,

వీసా రాలేదని ఈ ఉత్తరం రాయడం లేదు. ఇవ్వడం, మానడం ఎంబసీ వారి ఇష్టం. ఫోన్ చేసిన మనిషికి బదులు చెప్పాలన్న ఇంగితం మీ ఆఫీసులో ఒక్కరికీ లేకపోయినందుకు రాస్తున్నాను.

జర్మనీలో జరిగే భాషాశాస్త్ర సదస్సులో సవర అనే గిరిజన భాష మీద నా పత్రానికి చోటు దొరికింది. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకున్న ఊరు కదా మాది, కాలేజీలో అందరూ మురిసిపోయారు. ఆహ్వానపత్రం, కాలేజీ ఎన్‌ఓసీ, బ్యాంకు స్టేట్‌మెంట్లు, 30,000 యూరోల బీమా, అన్నీ మీ విశాఖ ఆఫీసులో ఇచ్చి, పాస్‌పోర్టు అప్పగించి, ఫీజు కట్టాను. "ఇక నిశ్చింతగా పేపర్ రాసుకోండి మాస్టారూ" అన్నారు. రాసుకున్నాను.

విశాఖకు ఫోన్ చేస్తే "మీ అడ్రస్ ఒడిశా సార్, భువనేశ్వర్‌తో మాట్లాడండి". భువనేశ్వర్‌కు చేస్తే "ఫైలు విశాఖలో తెరిచారు, అక్కడే అడగండి". ఒకావిడైతే "పర్లాకిమిడి ఆంధ్రానే కదండీ?" అని నన్నే ఎదురడిగింది. కాదమ్మా, 1936 ఏప్రిల్ 1 నుంచీ ఒడిశాలోనే ఉంది. మీ కంప్యూటర్‌కు ఆ కబురు ఇంకా చేరలేదు కాబోలు. ఫోన్ చేసినప్పుడల్లా కొత్త గొంతు, మళ్ళీ మొదటి నుంచి పేరు, పాస్‌పోర్టు నంబరు. అంతా చెప్పాక "లైన్‌లో ఉండండి" అని మ్యూజిక్ పెట్టేస్తారు. అది మా ఆవిడకు కూడా నోటికొచ్చేసింది.

ఆఖరికి ఓ కుర్రాడు ధీమాగా "ఎంబసీలో ప్రాసెస్‌లో ఉంది సార్" అన్నాడు. నాయనా, జర్మనీ వెళ్ళడానికి కావాల్సిన షెంజెన్ వీసాకు మొదటిసారి పెట్టేవాడు స్వయంగా వెళ్ళి వేలిముద్రలు ఇవ్వాలి. నా వేళ్ళు పదీ పర్లాకిమిడిలోనే ఉన్నాయి, మరి ఎవరివి వేయించారు? అనడిగితే ఫోన్ కట్.

పాతపట్నం మీదుగా బస్సెక్కి మీ విశాఖ ఆఫీసుకు నేనే వచ్చాను. కూర్చోమన్నవాడు మీ సెక్యూరిటీ గార్డు ఒక్కడే. లోపల నా ఫైలు, నేను చుట్టిన రబ్బరు బ్యాండుతో సహా, ర్యాకులో అలాగే ఉంది. అపాయింట్‌మెంటే తీసుకోలేదు! ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. ఆ గడువు కాస్తా మీ ర్యాకులోనే దాటిపోయింది. పాస్‌పోర్టైనా ఇవ్వండంటే లాకర్ తాళం మేనేజర్ గారి దగ్గరుందన్నారు. మేనేజర్ గారు మీటింగ్‌లో ఉన్నారు. సాయంత్రం దాకా అదే మీటింగ్. ఏం చర్చించారో గానీ, బహుశా కస్టమర్ సేవ గురించే అయి ఉంటుంది.

మా బావగారి సింగపూర్ ప్రయాణం, మా కాలేజీ వాళ్ళ పిల్లల చదువుల వీసాలు, ఇన్నేళ్ళూ మీ దగ్గరికే పంపాను. "వేరేచోట ఎందుకు, వీళ్ళు నమ్మకస్తులు" అని పూచీ పడిన నోరు ఇది. ఇప్పుడు వాళ్ళకు ఏం చెప్పమంటారు?

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. వేస్తే వాయిదాలకు మీరే ఇక్కడికి రావాలి. మీ మీటింగులు ఎలా సర్దుకుంటారో చూసుకోండి. మీ ఫీజూ, టిక్కెట్టు రద్దుకు పోయిన డబ్బూ ఎలాగూ రాబడతాను. ముందు నా పాస్‌పోర్టు పంపండి. కవరు మీద ఒడిశా అని పెద్ద అక్షరాలతో రాయించండి, లేకపోతే అదీ విశాఖకూ భువనేశ్వర్‌కూ మధ్య తిరుగుతూ ఉంటుంది.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
లెక్చరర్, పర్లాకిమిడి