గడియారాల మార్పు: నెపం ప్రజల మీద వేయకండి

సంపాదకులకు నమస్కారం.

యూరప్‌లో ఏటా రెండుసార్లు గడియారాలను మార్చే పద్ధతి (మార్చి చివర గంట ముందుకు జరిపి వేసవి సమయం, అక్టోబరు చివర గంట వెనక్కి జరిపి చలికాలపు సమయం పాటించడం) ఇంకా కొనసాగడానికి అక్కడి ప్రజల్లో ఏకాభిప్రాయం లేకపోవడమే కారణమని కొద్ది రోజుల క్రితం మీ విదేశీ వార్తల పుటలో రాశారు. ఏళ్ల తరబడి జర్మనీలో ఉంటున్న పాఠకుడిగా ఆ మాట నాకు చాలా కష్టం కలిగించింది.

2018 వేసవిలో యూరోపియన్ యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ ఈ విషయంపై ఆన్‌లైన్‌లో అభిప్రాయాలు కోరితే 46 లక్షల మంది స్పందించారు. వారిలో 84 శాతం మంది ఈ మార్పు ఇక వద్దన్నారు. ప్రజలు కోరుతున్నారు కనుక చేస్తామని అప్పటి కమిషన్ అధ్యక్షుడు యుంకర్ జర్మన్ టీవీలో ప్రకటించారు. 2019 మార్చి 26న యూరోపియన్ పార్లమెంటు 410–192 ఓట్లతో, 2021 నుంచి ఈ పద్ధతికి స్వస్తి చెప్పడానికి ఆమోదం తెలిపింది. ఆ ఫైలు, సమ్మతి తెలపాల్సిన సభ్యదేశాల మంత్రుల మండలికి చేరి అక్కడే ఆగిపోయింది. మార్పు వల్ల ఏమవుతుందో చెప్పే ప్రభావ అంచనా నివేదిక లేదని మండలి, ముందు మీరు ఒక నిర్ణయానికి రండని కమిషన్, ఇలా ఒకరి మీద ఒకరు వేసుకుంటూ ఏళ్లు గడిపేశారు. 2025 అక్టోబరులో స్పెయిన్ ప్రధాని సాంచెజ్ మళ్లీ ఆ విషయం ఎత్తాల్సి వచ్చింది. ఇందులో ప్రజల తప్పేముంది?

ఆ 84 శాతాన్ని యావత్ యూరప్ అభిప్రాయంగా చూపడం కూడా తప్పేనని ఒప్పుకుంటాను. యూరోపియన్ యూనియన్ అప్పటి సుమారు 51 కోట్ల జనాభాలో స్పందించినవారు ఒక శాతం కూడా లేరు; వారిలోనూ దాదాపు 30 లక్షల మంది ఒక్క జర్మనీ వారే. గ్రీస్, సైప్రస్‌ల నుంచి స్పందించినవారిలో ఎక్కువ మంది ఉన్న పద్ధతే ఉండనిమ్మన్నారు. ఎవరికి పట్టుదల ఉంటే వారే ముందుకొచ్చి చెప్పే ఇలాంటి సేకరణలో ఇది సహజం. అయితే దేశానికి సుమారు వెయ్యి మందిని ఎంపిక చేసి అడిగే యూరోబారోమీటర్ సర్వేలను 1970ల నుంచి నడుపుతున్నది ఈ యూరోపియన్ యూనియన్ సంస్థలే. అనుమానం ఉంటే ఆ పద్ధతిలో మళ్లీ అడగాలి, లేకుంటే వచ్చిన జవాబును అమలు చేయాలి. ఏ సమయాన్ని స్థిరంగా ఉంచాలన్నదే అసలు చిక్కు. ఏడాదంతా వేసవి సమయమే ఉంటే స్పెయిన్ పడమటి కొసన ఉన్న వీగోలో డిసెంబరులో ఉదయం పది గంటలకు గాని తెల్లవారదు. చలికాలపు సమయమే ఉంచితే వార్సాలో జూన్‌లో మూడుంబావుకే సూర్యుడు వస్తాడు. దేశదేశానా ప్రజల ముందు పెట్టి అడగవలసిన ప్రశ్న ఇదే.

ఈలోగా అవస్థ పడేది మామూలు జనం. మా పొరుగూరి పాడి రైతు మార్చి వస్తుందంటే పాలు పితికే వేళను రోజుకు కొద్ది నిమిషాల చొప్పున ముందుకు జరుపుకుంటాడు. ఆవులకు ఆ మార్పు ఒక్కసారిగా పట్టుబడదు, పాల ట్యాంకరు మాత్రం కొత్త వేళకే వచ్చి వాకిట్లో నిలబడుతుంది. అక్టోబరు చివరి ఆదివారానికి ముందు రాత్రి డ్యూటీ చేసే నర్సుకు ఒక గంట అదనపు చాకిరీ. మాలాంటి వారికి ఊళ్లో ఉన్న అమ్మానాన్నలతో సమయం తేడా వేసవిలో మూడున్నర గంటలైతే చలికాలంలో నాలుగున్నర.

అడిగి చెప్పించుకుని ఆ జవాబును అటకెక్కించే అధికారుల అలవాటు ఈ ఒక్క విషయానికే పరిమితం కాదు. 2019లోనూ 2024లోనూ యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటర్లు సగం మందే ఓటేశారని వాపోయే నాయకులు, చెప్పినా వినరన్న నిరాశ జనంలో ఎందుకు పెరుగుతోందో ఆలోచించాలి.

మీకు నా విన్నపం ఒక్కటే. యూరప్ ప్రజల అభిప్రాయమంటూ ఏ అంకె అచ్చువేసినా, ఎవరు అడిగారో, ఎందరిని ఎలా అడిగారో రెండు వాక్యాలు చేర్చండి. పని జరగనప్పుడు అది ఏ కార్యాలయంలో ఆగిందో కూడా రాయండి.

భవదీయుడు,
జర్మనీలోని ఒక తెలుగు పాఠకుడు