ఎలుక సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో క్లోమంలో మచ్చల్ని కరిగించే మందు సిద్ధమైందని పెద్ద శీర్షికతో వార్త వేశారు. పొద్దున్నే ఆరున్నరకి మా తమ్ముడి ఫోన్. "అక్కా, మందు వచ్చేసిందట, పేపర్లో చూశావా?" అన్నాడు. వాడికి క్రానిక్ పాంక్రియాటైటిస్, అంటే క్లోమం ఏళ్ల తరబడి వాస్తూ మచ్చలు కట్టే జబ్బు, బయటపడి పదకొండేళ్లయింది. వాడి గొంతులో అంత హుషారు విని చాలా కాలమైంది. ఫోన్ పెట్టేసి వార్త చదివాను. నాలుగు పేరాలు దాటాక, చివర్లో ఎక్కడో ఒక మూల ఉంది, ప్రయోగం ఎలుకల మీద జరిగిందని. ఆ మాట వాడికి చెప్పడానికి సాయంత్రం దాకా నాకు నోరు రాలేదు.

నేను డాక్టర్ని కాను. ముప్ఫై ఏళ్లు పాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఆపరేషన్లో తీసిన ముక్కల్ని పల్చగా కోసి, స్లైడు మీదకెక్కించి, రంగులు వేయడం నా పని. మామూలు క్లోమం మెత్తగా ఉంటుంది. ఈ జబ్బు ముదిరిన క్లోమం పీచుకట్టి గట్టిపడిపోతుంది, లోపల సున్నపు రాళ్లుంటే బ్లేడు కూడా పాడవుతుంది. మాసన్ ట్రైక్రోమ్ అనే రంగు వేస్తే మచ్చ కట్టిన భాగమంతా నీలంగా తేలుతుంది. జీర్ణరసాలు తయారుచేసే కణాలు గుత్తులు గుత్తులుగా ఉండాల్సిన చోట ఎటు చూసినా నీలమే. ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులు మాత్రం అక్కడక్కడా మిగిలి ఉంటాయి. కొన్నేళ్లకి అవీ దెబ్బతింటే షుగర్ వస్తుంది. తమ్ముడికి జబ్బు బయటపడిన ఏడో ఏట వచ్చింది.

ఈ నీలాన్ని నేసేది ఎవరో 1998 దాకా సరిగ్గా తెలియలేదు. ఆ ఏడాది ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఒక బృందం, జర్మనీలోని ఉల్మ్‌లో మరో బృందం క్లోమంలోని నక్షత్రాకారపు కణాల్ని విడదీసి చూపించాయి. క్లోమం బాగున్నంత కాలం ఈ కణాలు చిన్న కొవ్వు బొట్లలో విటమిన్ ఏ దాచుకుని తమ మానాన తాముంటాయి. మద్యం, పొగ, జన్యులోపం, నాళంలో అడ్డు, కారణం ఏదైనా గానీ క్లోమం పదేపదే వాస్తూ ఉంటే ఇవి నిద్ర లేస్తాయి. దాచుకున్న విటమిన్ ఏ పోగొట్టుకుని, మచ్చకి పీచులా ఉండే కొల్లాజెన్ తయారీలో పడతాయి. నిజానికి గాయం మానడానికి కావలసిన పనే అది. వాపు ఆగకపోతే వీటి పనీ ఆగదు.

కాబట్టి ఇప్పుడు జరుగుతున్న ప్రయోగాల్లో చాలావాటి ఉద్దేశం ఒక్కటే, ఆ కణాల్ని మళ్లీ నిద్రపుచ్చడం. విటమిన్ డి లాంటి ఒక పదార్థం ఇస్తే అవి శాంతించాయని 2014లో ఎలుకల మీద చేసిన పరిశోధన చెప్పింది. (ఇది చదివి ఎవరూ విటమిన్ డి మాత్రలు గుప్పెట్లో పోసుకోవద్దు. అక్కడ వాడింది వేరే రూపం.) ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్‌కి, అంటే అక్కడ మచ్చ కట్టే జబ్బుకి, వాడే పిర్ఫెనిడోన్ అనే మందుని కూడా ఎలుకల్లో ప్రయత్నించారు, ఫలితం బాగానే ఉంది. అన్నీ ఆశ పుట్టించేవే. కానీ మనుషుల క్లోమంలో మచ్చను తగ్గిస్తుందని రుజువై, ఆ పనికే అనుమతి పొందిన మందు ఈ రోజుకి ఒక్కటీ లేదు.

ఎలుకల్లో ఇంత బాగా పనిచేసే మందులు మనుషుల దాకా ఎందుకు రావు? ఆ ఎలుకకి జబ్బు ఎలా తెప్పిస్తారో మీ విలేఖరి ఒక్కసారి అడిగి ఉంటే సగం జవాబు అక్కడే దొరికేది. సెరులిన్ అని ఒక పదార్థం ఉంది. మొదట ఆస్ట్రేలియా ఆకుపచ్చ చెట్టుకప్ప చర్మంలో దొరికింది. క్లోమాన్ని అతిగా రెచ్చగొడుతుంది. వారానికి రెండు మూడు రోజులు, రోజుకి చాలాసార్లు, కొన్ని వారాలపాటు ఆ ఇంజెక్షన్లు ఇస్తే ఎలుక క్లోమంలో మచ్చ కడుతుంది. అసలు కిటుకు ఇక్కడుంది. ఇంజెక్షన్లు ఆపేస్తే, ఏ మందూ ఇవ్వకపోయినా ఆ మచ్చ చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. ఎలుక క్లోమానికి కోలుకునే శక్తి అంత ఎక్కువ. తనంతట తగ్గబోయే మచ్చని కొంచెం ముందుగా తగ్గించిన మందుకీ, మా తమ్ముడి ఒంట్లో పదకొండేళ్లుగా రాళ్లతో సహా బిగుసుకుపోయిన మచ్చకీ పోలికేమిటి? ఎలుకల ప్రయోగాలు వద్దని నేననను. మొదటి మెట్టు అదే. మెట్టుని మేడగా చూపించడమే తప్పు.

ఇంకో చిక్కుంది. నాకు తెలిసి పత్రికలు దీని జోలికే పోవు. మచ్చ తగ్గిందో లేదో కొలిచేదెలా? లివర్‌లో అయితే బయటనుంచే దాని బిగువు కొలిచే మిషన్ ఉంది. ఊపిరితిత్తుల రోగి చేత గొట్టంలోకి ఊదిస్తే లెక్క తెలుస్తుంది. పిర్ఫెనిడోన్‌కి 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది కూడా ఆ ఊదుడు లెక్కల మీదే. అక్కడా అది మచ్చని కరిగించదు, జబ్బు ముదిరే వేగాన్ని తగ్గిస్తుంది, అంతే. క్లోమం పొట్ట వెనకాల, వెన్నుకి ఆనుకుని దాక్కుని ఉంటుంది. సూది గుచ్చి ముక్క తీద్దామంటే ఆ సూదే కొత్తగా వాపు తేగలదు. పోనీ ఒక ముక్క తీసినా, ఇక్కడ మచ్చ ఉంటుంది, పక్కన ఉండదు. పనితీరు చూద్దామా అంటే, జీర్ణరసాల తయారీ పది శాతానికి పడిపోతేగానీ మలంలో కొవ్వు కనపడదు. అప్పటికి చేయి దాటిపోయి ఉంటుంది.

కొలబద్ద లేకపోతే మందు పనిచేసిందని ఎలా తేలుస్తారు? అమెరికాలో 2015లో కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ఒక బృందంగా ఏర్పడి, ప్రొసీడ్ అనే పేరుతో రోగుల్ని ఏళ్ల తరబడి గమనిస్తున్నాయి. రక్త నమూనాలు దాస్తారు, ఎమ్మారైలో మచ్చని అంకెల్లో పట్టుకోవచ్చేమో చూస్తారు. ఇందులో 'అద్భుతం' అని శీర్షిక పెట్టడానికి ఏమీ ఉండదు. అయినా నన్నడిగితే, మా తమ్ముడి లాంటివాళ్లకి పనికొచ్చే వార్త ఇదే.

మనుషుల మీద చేసిన ప్రయోగాలు కూడా ఒకదానితో ఒకటి ఏకీభవించవు. యాంటీఆక్సిడెంట్ల కథే చూడండి. 2009లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 127 మంది మీద ప్రయోగం చేసి, ఆ మాత్రలతో నొప్పి తగ్గిందని చెప్పారు. 2012లో బ్రిటన్‌లో 70 మంది మీద చేస్తే తేడా ఏమీ కనపడలేదు. బ్రిటన్ రోగుల్లో ఎక్కువమంది నడివయసువాళ్లు, మద్యం వల్ల జబ్బు తెచ్చుకున్నవాళ్లు. ఢిల్లీలో కుర్రవాళ్లు ఎక్కువ, చాలామందికి కారణమే తెలియదు. ఏ పత్రికైనా ఈ రెండిట్లో ఒక్కదాన్నే ప్రచురిస్తే చదివినవాడు ఏమనుకోవాలి?

మచ్చ అంటే శత్రువే అనుకోవడం కూడా తొందరపాటే. క్లోమం క్యాన్సర్‌లో గడ్డ చుట్టూ ఇలాంటి మచ్చే దట్టంగా ఉంటుంది. దాన్ని తీసేస్తే కీమో మందు లోపలికి బాగా వెళుతుందని ఎలుకల్లో తేలింది. ఆ ధైర్యంతో మనుషుల్లో మొదలుపెట్టిన ఒక ప్రయోగాన్ని 2012లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఆ మచ్చని తీసే మందు వేసుకున్నవాళ్లకంటే వేసుకోనివాళ్లే ఎక్కువ రోజులు బతుకుతున్నారని తేలింది. ఆ తర్వాత 2014లో ఎలుకల మీద వచ్చిన పరిశోధనలు చూస్తే, ఆ మచ్చ గడ్డకి కొంతవరకు కట్టుగోడలా ఉందని అర్థమైంది. క్యాన్సర్ వేరు, పాంక్రియాటైటిస్ వేరు, ఒప్పుకుంటాను. అయినా 'కరిగించే మందు' అని రాసేముందు ఈ కథ గుర్తుంటే మంచిది.

ఈ ఉత్సాహమంతా చివరికి ఎవరికి లాభమో కూడా చెప్తాను. పోయినేడు ఇలాంటి వార్తే ఏదో పట్టుకుని తమ్ముడు ఒక క్లినిక్‌కి వెళ్లాడు, పేరు అనవసరం. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే క్లోమం కొత్తదైపోతుందన్నారు. 'ప్రయోగాత్మక చికిత్స' అన్నారు. అయితే ప్రయోగం రిజిస్టర్ చేశారా, నంబరు ఏది, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా అని నేనడిగితే ఒక్కదానికీ జవాబు లేదు. డబ్బు మాత్రం ముందే కట్టమన్నారు. నిజమైన ట్రయల్‌లో పరీక్షిస్తున్న మందుకి రోగి దగ్గర సాధారణంగా డబ్బు తీసుకోరు. బిల్లు చేతికిచ్చి ప్రయోగం అంటే అనుమానించాల్సిందే. తమ్ముడు నా మీద అలిగి రెండు నెలలు మాట్లాడలేదు. వాడి తప్పేముంది, నొప్పితో రాత్రంతా కూర్చునేవాడికి ఆశ అమ్మడం సులువు.

నేను మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. వైద్య పరిశోధన వార్త వేసేటప్పుడు అది ఎలుకల మీదా, ల్యాబ్‌లో పెంచిన కణాల మీదా, మనుషుల మీదా అన్నది మొదటి వాక్యంలో రాయండి. మనుషులైతే ఎంతమంది, ఎన్నాళ్లు, దేన్ని కొలిచారు, ఇంకెక్కడైనా వేరే ఫలితం వచ్చిందా, ఇవి అడిగి రాయండి. పక్కనే ఓ చిన్న పెట్టె కట్టి, ఈలోగా రోగి చేతిలో ఉన్నదేమిటో చెప్పండి. పొగ మానేస్తే జబ్బు ముదిరే వేగం తగ్గుతుందని చాలామందికి ఇప్పటికీ తెలియదు, మద్యం ఒక్కటే కారణం అనుకుంటారు. తమ్ముడూ అలాగే అనుకుని, మద్యం ఎప్పుడో మానేశాడు గానీ సిగరెట్లు మూడేళ్ల క్రితం దాకా కాల్చాడు. జీర్ణరసాల లోటు తీర్చే ఎంజైమ్ క్యాప్సూల్స్ అన్నంతో పాటే వేసుకోవాలి, తిన్న గంటకి కాదు, ఈ మాట కూడా వాడికి నాలుగేళ్ల తర్వాతే ఎవరో చెప్పారు.

మొన్నటి వార్తకి సవరణ వేసే ఉద్దేశం ఉంటే అదే పేజీలో, అదే సైజు అక్షరాలతో వేయగలరని మనవి.

ఇట్లు,
మీ పాఠకురాలు
(రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్)