రంజాన్‌కు ముందే మందుచీటీ మారాలి

గౌరవనీయులైన సంపాదకుడు గారికి,

రంజాన్ నెల వస్తోందంటే మన పత్రికల్లో హలీం బట్టీల ఫొటోలు, పత్తర్‌గట్టీ రద్దీ, ఖర్జూరాల గొప్పతనం తప్పక కనిపిస్తాయి. మెహదీపట్నంలో 22 ఏళ్ళుగా మందుల దుకాణం నడుపుతున్న నా కంటికి ఆ నెలలో ముందుగా ఆనేవి మందుచీటీ మీది 1-0-1 అన్న అంకెలు. ఉదయం ఒక బిళ్ళ, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని వాటి అర్థం. పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం, రాత్రి భోజనం చేసే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసిన ఆ చీటీనే, తెల్లవారకముందు సహరి తిని సూర్యుడు అస్తమించేదాకా నీటి చుక్క ముట్టని మనిషి కూడా నెల పొడుగునా వాడుతున్నాడు.

కొన్నేళ్ళ క్రితం రంజాన్‌లో ఒక సాయంత్రం నాలుగున్నరకు మా పాత ఖాతాదారు ఒకరి కొడుకు పరుగున వచ్చి, "అంకుల్, అబ్బాకు చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి" అన్నాడు. తండ్రి ఆటో నడుపుతాడు, యాభై దాటాయి, షుగర్ ఉంది. నేను వెళ్ళేసరికి రోడ్డు పక్కన ఆటోలోనే వెనక్కి వాలి ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. షుగర్ మీటరు 58 చూపించింది, ఉండవలసిన దానికంటే బాగా తక్కువ. చక్కెర నీళ్ళు నోటి దగ్గర పెడితే, ఇంకో రెండు గంటలే కదా అంటూ మొహం తిప్పుకున్నాడు. చివరకు కొడుకు మసీదు ఇమాము గారికి ఫోను కలిపి ఇస్తే, ఆయన గట్టిగా కోప్పడి తాగమన్న తరువాతే తాగాడు. జరిగిందేమిటంటే, ఆ రోజు ఆలస్యంగా లేచి, సహరికి చాయ్, రెండు బిస్కట్లు తీసుకుని, పైన "ఉదయం" బిళ్ళ వేసుకున్నాడు. అంతకు నెల ముందు ఆయనను చూసిన ఆసుపత్రిలో రోజా (రంజాన్ ఉపవాసం) ఉంటారా అని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ బిళ్ళలు లెక్కపెట్టి కవరులో వేసి ఇచ్చిన నేను కూడా అడగలేదు.

అడగకపోవడానికి మన భాష కూడా కొంత కారణమేమోనని నాకు అనుమానం. మా ఊరివైపు ముస్లింలు రోజాను ఒక్కపొద్దు అనే అంటారు. మన ఇళ్ళలో ఒక్కపొద్దంటే పాలు, పండు, మంచినీళ్ళు ఉంటాయి కనుక, ఆ మాట వినగానే రోగి ఏదో కొంత తీసుకుంటాడులే అనిపిస్తుంది. రోజాలో మంచినీళ్ళు కూడా ఉండవు, బిళ్ళ మింగడమూ ఉండదు. హైదరాబాదులో మార్చి నెలలో ఇది 13 గంటలకు పైగా, మే నెలాఖరులో 14 గంటలకు పైగా సాగుతుంది.

ఆరోగ్యవంతుడు దీనిని తట్టుకోగలడు. ఒంట్లో నీరు తగ్గుతున్నకొద్దీ మెదడు విడుదల చేసే ఒక హార్మోను మూత్రపిండాల చేత నీటిని పొదుపు చేయిస్తుంది. మూత్రం చిక్కబడి తగ్గుతుంది. పగలు పోయిన నీరు రాత్రి తాగితే తిరిగి వస్తుంది. మొదటి మూడు నాలుగు రోజుల తలనొప్పికి దాహంతో పాటు రోజుకు ఆరు కప్పుల చాయ్ హఠాత్తుగా ఆగిపోవడం కూడా కారణమే. చిక్కంతా రాత్రి తాగవలసిన నీరు తాగకపోవడంలో ఉంది. ఇఫ్తార్‌కు తీపి షర్బత్, మిర్చీ బజ్జీ, ఆ తరువాత హలీం, రంజాన్ రాత్రుల్లో చేసే తరావీహ్ నమాజు ముగిశాక ఇరానీ చాయ్. మంచినీళ్ళు గుర్తొచ్చేది సహరి చివరి పది నిమిషాల్లో. అప్పుడు గబగబా ఒకటిన్నర లీటరు తాగితే అందులో ఎక్కువ భాగం రెండు మూడు గంటల్లో మూత్రంగా పోతుంది. ఇఫ్తార్ నుంచి పడుకునేదాకా గ్లాసు గ్లాసుగా తాగిన నీరే ఒంటికి పడుతుంది. (హలీం మీద నాకు కోపం లేదు, నేనూ తింటాను, దానిలోని ఉప్పు మాత్రం మరునాటి దాహానికి తోడవుతుంది.)

ఎండ సంగతి ప్రస్తుతానికి అంత తీవ్రం కాదు. చాంద్రమానం ప్రకారం రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుగా వస్తుంది కనుక, 2019లో మే 7న మొదలైన నెల 2025లో మార్చి 2న మొదలైంది. 2030లోనైతే జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరోసారి మొదలవుతుంది. చలికాలంలో దాహం తెలియదు కాబట్టి రాత్రి నీళ్ళు ఇంకా తగ్గుతాయేమో కానీ, షుగర్ బిళ్ళకు మాత్రం ఏ కాలమైనా ఒకటే. అలాగే రక్తపోటుకు వాడే మూత్రం బిళ్ళను సహరిలో వేసుకుంటే పగలంతా నీరు పోతూనే ఉంటుంది. ఏ బిళ్ళను ఇఫ్తార్‌కు మార్చాలో, దేని మోతాదు తగ్గించాలో వైద్యుడే నిర్ణయించాలి. మా బోటి వాళ్ళం కౌంటరు దగ్గర చెప్పేది కాదు.

రోగులు ఉపవాసం మానేస్తే సరిపోతుంది కదా అని కొందరు తేలికగా అంటారు. 2001లో 13 దేశాల్లో 12 వేల మందికి పైగా మధుమేహ రోగులను పరిశీలించినప్పుడు, టైప్ 2 రోగుల్లో నూటికి 79 మంది కనీసం 15 రోజులు ఉపవాసం ఉన్నట్టు, ఆ నెలలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం ఏడు రెట్లకు పైగా పెరిగినట్టు తేలింది. అంటే, వద్దన్నా ఉంటారు. మతం కూడా వారిని బలవంతపెట్టడం లేదు. ఖురాన్ రెండవ అధ్యాయం 184, 185 వచనాలు రోగులకు, ప్రయాణికులకు మినహాయింపు ఇచ్చి, తరువాతి రోజుల్లో పూర్తి చేసుకోమంటున్నాయి. ఉండలేని వారు బదులుగా పేదకు అన్నం పెట్టవచ్చు. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా భంగం కాదని చాలామంది ముస్లిం పండితులు చెబుతున్నా, ఆ భయంతో మధ్యాహ్నం పరీక్ష మానేసేవారిని ఏటా చూస్తున్నాను.

అందువల్ల వైద్య ఆరోగ్య శాఖకు నా విన్నపం ఒక్కటే. రంజాన్‌కు ముందు నెలలో వచ్చే జాగరణ రాత్రి షబే బరాత్‌కు, రంజాన్‌కు మధ్య దాదాపు రెండు వారాల వ్యవధి ఉంటుంది. ఆ రోజుల్లో పాతబస్తీ, టోలీచౌకీ, మెహదీపట్నం ప్రాంతాల బస్తీ దవాఖానాలను కొన్ని సాయంత్రాలు కూడా తెరిచి ఉంచి, షుగర్, బీపీ రోగుల చీటీలను సహరి, ఇఫ్తార్ వేళలకు తిరగరాయించాలి. పగటి పూట మాత్రమే తెరిస్తే ఆటో నడిపేవాడు, దుకాణంలో పనిచేసేవాడు రాలేడు. రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే ఇంటికి వెళ్ళేందుకు ప్రభుత్వం అనుమతి ఇస్తోంది కానీ, కూలీనాలీ చేసుకునే వారికి ఆ వెసులుబాటు లేదు.

నా వంతుగా చేయగలిగింది చిన్నదే. ఈ నగరంలో చిన్నాపెద్దా దుకాణాలు సహరి, ఇఫ్తార్ సమయాల కార్డులు అచ్చువేయించి పంచుతాయి; నేనూ పంచుతాను, వెనుక వైపు నా దుకాణం ప్రకటన ఉంటుంది. ఈసారి ఆ ప్రకటన తీసేసి, షుగర్ 70 కంటే తగ్గినా 300 దాటినా వెంటనే ఉపవాసం విరమించాలని తెలుగులోనూ ఉర్దూలోనూ వేయిస్తున్నాను. దాని కింద ఇమాము గారి మాట కూడా ఒకటి ఉంటే బాగుంటుందని అడిగాను, ఆయన ఒప్పుకున్నారు.

ఇట్లు,
ఒక మందుల దుకాణదారు,
మెహదీపట్నం, హైదరాబాదు