"మీ ఓపికకు ధన్యవాదాలు" అని ఇంకోసారి పంపకండి

ఫ్రిస్కో, టెక్సస్
2021 ఏప్రిల్ 11

విషయం: 2020 నవంబర్ 14న ఇచ్చిన ఆర్డర్, .22 రైఫిల్ తూటాలు, నాలుగు బ్రిక్‌లు (బ్రిక్ అంటే 500 తూటాల పెట్టె)

తుపాకుల షాపు, షూటింగ్ రేంజ్ మేనేజ్‌మెంట్ వారికి,

ఇంగ్లీషులో మీకు ఆరు ఈమెయిల్స్ పంపాను. ఆరింటికీ అక్షరం తేడా లేకుండా ఒకే జవాబు వచ్చింది: "మీ మెసేజ్ అందింది, మీ ఓపికకు ధన్యవాదాలు." అందుకే ఏడోది తెలుగులో రాస్తున్నాను. మీ భాగస్వాముల్లో ఒకరు మన తెలుగాయనే. 2019లో ఉగాది ఫంక్షన్‌లో మా ఆయనకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, నావైపు తిరిగి "మన షాపే అనుకోండమ్మా, ఏం కావాలన్నా నాతో చెప్పండి" అన్నారు. అన్నయ్యగారూ, ఇప్పుడు చెబుతున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

ముందే ఒక మాట. కొరత మీవల్ల వచ్చిందని నేను అనడం లేదు. ఎందుకొచ్చిందో నాకూ తెలుసు. 2020 మార్చి నుంచి జనం తుపాకీ షాపుల ముందు క్యూ కట్టారు. ఆ ఏడాది తుపాకుల కోసం ఎఫ్‌బీఐ చేసిన బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లు 3.9 కోట్లు దాటాయి, అంతకు ముందు ఏడాది 2.8 కోట్లే. మొదటిసారి తుపాకీ కొన్నవాళ్లే 84 లక్షల మందని మీ పరిశ్రమ సంఘమే లెక్క చెప్పింది. వాళ్లు తలా రెండు పెట్టెలు పట్టుకెళ్లినా ఏమవుతుందో ఎవరికైనా అర్థమవుతుంది. ఆ ఏడాది జులైలో తుపాకుల కంపెనీ రెమింగ్టన్ దివాలా తీసింది, తర్వాత ఆర్కన్సాలో ఉన్న వాళ్ల తూటాల ఫ్యాక్టరీ చేతులు మారింది. ఫెడరల్, సీసీఐ బ్రాండ్ల తూటాలు తయారుచేసే కంపెనీ ప్రెసిడెంట్ స్వయంగా వీడియోలోకి వచ్చి, 100 కోట్ల డాలర్లకు పైగా ఆర్డర్లు పెండింగ్‌లో ఉన్నాయి, మేమేమీ దాచిపెట్టడం లేదు అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఇదంతా తెలిసే ఆర్డర్ ఇచ్చాను. "లేవమ్మా, ఎప్పుడొస్తాయో మాకూ తెలీదు" అని మీలో ఒక్కరు ఒక్కసారి చెప్పి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు.

మా అమ్మాయికి పదిహేనేళ్లు. జూనియర్ క్లబ్బులో స్మాల్‌బోర్ రైఫిల్, అంటే .22 తూటాల రైఫిల్ కాలుస్తుంది. మాకు గ్రీన్ కార్డు వచ్చాకే 2018లో మొదటి రైఫిల్ కొన్నాం, అదీ మీ షాపులోనే. ఆ రోజు మీ కౌంటర్‌లో ఉన్న పెద్దమనిషి మోకాళ్ల మీద కూర్చుని మరీ మా అమ్మాయికి ఇయర్‌మఫ్‌లు సర్దాడు, అది నేను మర్చిపోలేదు. అప్పటినుంచి మూడేళ్లుగా మీ రేంజ్‌లో ఫ్యామిలీ మెంబర్‌షిప్ కడుతున్నాం, కోవిడ్‌లో మీరు మూసేసిన నెలలకు కూడా డబ్బు వెనక్కి అడగలేదు. ఫోర్ట్ వర్త్‌లో టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) రైఫిల్ టీమంటే దానికి ప్రాణం. అందరూ అమ్మాయిలే ఉన్న ఆ టీమ్ 2010లో నేషనల్ ఛాంపియన్‌షిప్ కొట్టిందని మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతుంది. వారానికి మూడు ప్రాక్టీసులు, ప్రాక్టీసుకు నూటయాభై తూటాలు. నేను అడిగిన రెండువేల తూటాలు దానికి నెలన్నర కూడా రావు.

పోనీ వేరే దారి ఉందా అంటే, .22కి అదీ లేదు. పెద్ద తూటాలు కాల్చేవాళ్లు ఖాళీ తొడుగులు ఏరుకుని, ప్రైమర్లు (నిప్పు పుట్టించే చిన్న మూతలు) దొరికితే ఇంట్లో మళ్లీ నింపుకుంటారు. .22లో నిప్పు పుట్టించే మందు తొడుగు అంచులోనే ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఒకసారి ఆ అంచును నొక్కిందంటే ఆ తొడుగు పని అయిపోయినట్టే, మళ్లీ వాడలేం. కొత్తవి కొనాల్సిందే.

మరి ముందే కొని పెట్టుకోలేదేం అంటారా? మా క్లబ్బులో డెబ్బై దాటిన ఒక పెద్దాయన 2020 ఏప్రిల్‌లోనే నన్ను హెచ్చరించారు. శాండీ హుక్ స్కూల్ కాల్పుల తర్వాత, 2013లో కొత్త చట్టాలొస్తాయన్న భయంతో జనం ఎగబడ్డారనీ, వాల్‌మార్ట్‌లో మనిషికి రోజుకు మూడు పెట్టెలే ఇచ్చారనీ, .22 అయితే చాలాకాలం కంటికి కనపడలేదనీ చెప్పి, "కనపడినప్పుడే కొనుక్కోమ్మా" అన్నారు. ఆయన గ్యారేజీలో నేల నుంచి కప్పు దాకా షెల్ఫులు తూటాలతో నిండి ఉంటాయి. నిజం చెప్పాలంటే అప్పట్లో నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఇలాంటివాళ్ల వల్లే కదా పిల్లలకు దొరకడం లేదని. సరిగ్గా ఆ మే నెలలోనే మీ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది: దాచుకోకండి, అవసరమైనంతే కొనండి, అందరికీ అందేలా మనిషికి నాలుగు బ్రిక్‌ల లిమిట్ పెట్టాం, మీ వంతు తప్పకుండా వస్తుంది. నేను మీ మాట నమ్మాను. వేసవిలో రెండుసార్లు మీ షాపులో స్టాక్ కళ్లముందే ఉన్నా ఒక్కో బ్రిక్ మాత్రమే తీసుకుని ఇంటికొచ్చాను.

నవంబర్ 14న ఆన్‌లైన్‌లో నాలుగు బ్రిక్‌లు దొరికాయి. బ్రిక్ 44.99 డాలర్లు, మొత్తం 179.96, షిప్పింగ్ అదనం. ఆ నిమిషమే కార్డు మీద డబ్బు పడింది. రెండు మూడు వారాల్లో పంపిస్తామన్నారు.

డిసెంబర్ 8న మొదటిసారి ఫోన్ చేశాను. ముప్పై ఎనిమిది నిమిషాలు అదే సంగీతం. చివరికి ఒకమ్మాయి ఎత్తి "ప్రాసెసింగ్‌లో ఉంది మేడమ్" అంది. ప్రాసెసింగ్ అంటే ఏమిటని అడిగాను. సరుకు మీ గోడౌన్‌లో ఉందా లేదా, అది చెప్పమ్మా చాలు అన్నాను. "సిస్టమ్‌లో ప్రాసెసింగ్ అని చూపిస్తోంది మేడమ్" అంది. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అదే వాక్యం. ఆ పిల్ల తప్పని నేను అనను, దానికి మీరు అంతకుమించి ఏమీ చూపించలేదు.

డిసెంబర్ 29న చాట్. ఆర్డర్ నంబర్ అడిగారు, ఇచ్చాను. రెండు నిమిషాల తర్వాత మళ్లీ అడిగారు. వేరే ఏజెంట్‌కి మార్చి, ఆయన కూడా అడిగాడు. తర్వాత "ఇంకేమైనా సహాయం కావాలా?" అని ఒక లైను, నేను టైప్ చేస్తుండగానే చాట్ క్లోజ్. ఇంకేమైనా ఏమిటి, అసలు అడిగినదానికే జవాబు రాలేదు కదా!

జనవరి 19న ట్రాకింగ్ నంబర్ పంపారు. ఇంట్లో పండగే అనుకోండి. మా అమ్మాయి రోజూ పొద్దున పళ్లు తోముకుంటూ ఫోన్‌లో ఆ పేజీ చూసేది. "లేబుల్ క్రియేటెడ్." నెల రోజులు అవే రెండు ముక్కలు. పెట్టె కదల్లేదు, ఎందుకంటే పెట్టే లేదు. నెల తర్వాత అది చూడటం మానేసింది. ఎందుకు మానేశావని నేను అడగలేదు.

ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చింది. టెక్సస్‌లో చాలాచోట్ల కరెంటు పోయి, మేమూ మూడు రోజులు ఒకే గదిలో రగ్గులు కప్పుకుని గడిపాం. 22న ఫోన్ చేస్తే మీ ఏజెంట్ "తుఫాను వల్ల ఆలస్యం మేడమ్" అన్నాడు. నవంబర్‌లో ఇచ్చిన ఆర్డర్‌కు ఫిబ్రవరి తుఫాను ఎలా అడ్డమొచ్చింది బాబూ అంటే, సూపర్‌వైజర్‌కి కనెక్ట్ చేస్తానని లైన్ కట్ చేశాడు.

ఫిబ్రవరి 27, శనివారం, నలభై నిమిషాలు డ్రైవ్ చేసుకుని షాపుకే వచ్చాను. షెల్ఫులు ఖాళీ. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి నేను అడుగుతుంటే మా ఆయన మొహం చూసి జవాబు చెప్పాడు. "ఆన్‌లైన్ వేరు, షాపు వేరు" అన్నాడు. పోనీ షాపుకైనా వచ్చాయా అంటే "రెండు నెలల నుంచి .22 బ్రిక్ ఒక్కటి కూడా రాలేదు" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మార్చి 16న మీ ఈమెయిల్ వచ్చింది: "మీ కోరిక మేరకు మీ ఆర్డర్ రద్దు చేశాం."

నా కోరిక మేరకు! నాలుగు నెలలు మీ గుమ్మం ముందు నిలబడ్డ మనిషినండీ నేను. రద్దు చేయమని నేను ఏ ఫోన్‌లో చెప్పాను, ఏ చాట్‌లో రాశాను, చూపించండి. డబ్బు వెనక్కి వేశారు, నిజమే. కానీ ఆ మాట చదివినప్పుడు నా ఒళ్లు మండిపోయింది. మీ దగ్గర సరుకు లేదన్న సంగతిని నేనే వద్దన్నట్టు రాసుకున్నారు. 18న ఫోన్ చేస్తే సూపర్‌వైజర్ 48 గంటల్లో కాల్ చేస్తారన్నారు. ఈరోజుకు ఇరవై నాలుగు రోజులు.

ఈలోగా ఇంట్లో ఏం జరిగిందో కూడా చెబుతాను. మా అమ్మాయి దగ్గర చెక్కతో చేసిన చిన్న దిమ్మ ఉంది, యాభై రంధ్రాలు. ప్రాక్టీసుకు ముందు ఒక్కో రంధ్రంలో ఒక్కో తూటా నిలబెడుతుంది, తూటాల మీది మైనం వేళ్లకు అంటుకుంటుంది, ప్యాంటుకి తుడుచుకుంటుంది, నేను తిడతాను. మార్చి వచ్చేసరికి అందులో ఇరవయ్యే పెట్టేది. మిగతా ముప్పై రంధ్రాలు ఖాళీ. ఆ ఇరవై అయ్యాక హాల్లో గోడకు అంటించిన చుక్కకు గురిపెట్టి ఖాళీ రైఫిల్‌తో గంటసేపు ట్రిగ్గర్ నొక్కేది. టక్, టక్ అని వంటింట్లోకి వినపడేది.

ఏప్రిల్ 3న క్లబ్బులో ఆ పెద్దాయనే, గ్యారేజీ నిండా దాచుకున్నారని నేను మనసులో తిట్టుకున్న ఆయనే, ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి మా అమ్మాయి చేతిలో పెట్టారు. లోపల ఒక బ్రిక్. డబ్బు ఇవ్వబోతే చేయి వెనక్కి నెట్టేశారు. ఇంటికొచ్చి సంచి విప్పితే అడుగున మీ షాపు రసీదు. ఫిబ్రవరి 26, శుక్రవారం, ఉదయం 9:12. ఆరు బ్రిక్‌లు, ఒక్కొక్కటి 44.99.

ఫిబ్రవరి 26 అంటే నేను షాపుకొచ్చి ఖాళీ షెల్ఫులు చూసిన రోజుకు సరిగ్గా ముందురోజు. మీ షాపు తెరిచేది పదింటికి. మనిషికి నాలుగే అన్నది మీరు. నేను ఆయన్నే అడిగాను. ఆయన అమాయకంగా చెప్పారు: గురువారం రాత్రి ట్రక్ వచ్చినప్పుడు కొందరికి మెసేజ్ వస్తుందట, తెల్లారి వెనక తలుపు నుంచి వెళ్లి తెచ్చుకుంటారట. ఆయన్ని ఏమీ అనకండి, మీరు పిలిచారు, ఆయన వెళ్లారు. నా బిడ్డకు ఒక బ్రిక్ ఇచ్చింది కూడా ఆయనే.

అంటే సరుకు వచ్చింది. నా ఆర్డర్ మీ దగ్గర ఉండగానే, నా డబ్బు మీ ఖాతాలో ఉండగానే, అదే రేటుకు వేరేవాళ్లకు వెళ్లింది. మరుసటి రోజు మీ కుర్రాడు నా మొహం కూడా చూడకుండా రెండు నెలల నుంచి రాలేదన్నాడు. దాచుకోకండి అని మాకు ఈమెయిల్ పంపి, దాచుకునేవాళ్లకు పొద్దున్నే తలుపు తీశారు. నాకు కోపం తూటాలు దొరకనందుకు కాదండీ. నేను వరుసలో నిలబడ్డాను, మీరు చెప్పినట్టే నిలబడ్డాను, అసలు వరుసే లేదని నాకు ఎవ్వరూ చెప్పలేదు.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో సరుకు పంపాలి, కుదరకపోతే కొత్త తేదీ చెప్పి కొన్నవాళ్ల అంగీకారం అడగాలి, వాళ్లు వద్దంటే డబ్బు వెనక్కి ఇవ్వాలి అని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూలే ఉంది. మీరు నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఎఫ్‌టీసీకి, టెక్సస్ అటార్నీ జనరల్ ఆఫీసులో కన్స్యూమర్ విభాగానికి ఫిర్యాదులు రాసి పెట్టుకున్నాను, ఫోన్ కాల్స్ తేదీలు, చాట్ స్క్రీన్‌షాట్లు అన్నీ జతచేశాను. ఈ నెల 23 వరకు ఆగుతాను. మే నుంచి మెంబర్‌షిప్ కట్టం. క్లబ్బులో ఇంకో పదకొండు కుటుంబాలు ఉన్నాయి, వాళ్లందరికీ రసీదు చూపిస్తాను, మన తెలుగు అసోసియేషన్‌లో కూడా చూపిస్తాను, మొహమాటపడను.

నా ఆర్డర్ నాలుగు బ్రిక్‌లు అప్పటి రేటుకే ఇస్తారా, సరే. ఇవ్వలేమంటారా, ఆ మాట మనిషి నోటితో చెప్పండి. కానీ మీ రికార్డుల్లో "కస్టమర్ కోరిక మేరకు" అని ఉన్న మాట కొట్టేసి, ఎవరు రద్దు చేశారో వాళ్ల పేరుతో నాకు రాసి పంపాలి. ఇందులో నేను వెనక్కి తగ్గను.

అన్నయ్యగారూ, ఎల్లుండి ఉగాది. ఈసారి ఫంక్షన్ జూమ్‌లోనట, ఎదురుపడే అవకాశం లేదు. ఫోన్ చేయండి. నా నంబర్ మీ సిస్టమ్‌లో ఉంది, ఆర్డర్ ఇచ్చిన రోజు రెండుసార్లు టైప్ చేయించుకున్నారు.

ఇట్లు,
మీ రేంజ్‌లో మూడేళ్లుగా సభ్యురాలు

జత: ఫిబ్రవరి 26 రసీదు ఫొటో. అసలుది నా దగ్గరే ఉంది.