చరిత్ర పాఠానికి సినిమా చూపే ముందు

సంపాదకులకు నమస్కారం.

చారిత్రక చిత్రాలను తరగతిలో చూపాలనేవారూ, వద్దనేవారూ సాధారణంగా ఆ చిత్రంలో తప్పులెన్ని, ఒప్పులెన్ని అనే లెక్కకే దిగుతారు. అయితే కొంతైనా కల్పన లేని కథాచిత్రం ఉండదు. ఆ కల్పన ఎక్కడెక్కడ చేరిందో విద్యార్థికి ముందుగా తెలిసిందా లేదా అన్నదాన్ని బట్టే చిత్రం పాఠానికి మేలు చేసేదీ, కీడు చేసేదీ తేలుతుందని నా అభిప్రాయం.

2009లో ‘సైకలాజికల్ సైన్స్’ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం ఈ అభిప్రాయాన్ని బలపరుస్తోంది. విద్యార్థుల చేత చరిత్ర పాఠాలు చదివించి, అవే అంశాలపై సినిమా దృశ్యాలు చూపించారు. దృశ్యం పాఠంతో ఏకీభవించిన చోట జ్ఞాపకం మెరుగుపడింది. విభేదించిన చోట, సరైన సమాచారం చదివి కూడా చాలామంది సినిమాలోని తప్పునే జవాబుగా రాశారు. సినిమాల్లో పొరపాట్లుండవచ్చని పైపైన హెచ్చరిస్తే పెద్దగా ప్రయోజనం కలగలేదు. ఫలానా విషయం తప్పు అని వేలుపెట్టి చూపినప్పుడు మాత్రం ఆ పొరపాట్లు బాగా తగ్గాయి.

తప్పులన్నీ ఒకే స్థాయివి కావు. ఆంగ్లేయులపై స్కాట్లాండ్ ప్రజల పోరాటాన్ని చూపే 1995 నాటి ‘బ్రేవ్‌హార్ట్’లో పాత్రల దుస్తులు ఆ కాలానివి కాకపోవడం చిన్న విషయం. 1297లో జరిగిన స్టిర్లింగ్ వంతెన యుద్ధాన్ని వంతెనే లేకుండా మైదానంలో చిత్రీకరించడం అలాంటిది కాదు. ఇరుకైన వంతెన మీదుగా ఆంగ్ల సైన్యం కొద్దికొద్దిగా దాటుతుండగా, కొంత భాగం ఇవతలికి చేరేవరకు ఆగి దాడి చేయడం వల్లనే స్కాట్లు గెలిచారు. వంతెన పోతే ఆ విజయానికి కారణమే పోతుంది, దాని స్థానంలో నాయకుడి శౌర్యం ఒక్కటే మిగులుతుంది. కారణాలను అన్వేషించడం నేర్పవలసిన పాఠానికి ఇంతకంటే నష్టం ఏముంటుంది?

చూపకుండా వదిలివేసినవాటిని పట్టుకోవడం మరీ కష్టం. మూడు గంటలకు పైగా నడిచే 1982 నాటి ‘గాంధీ’ చిత్రంలో అంబేద్కర్ పాత్రే లేదు. గాంధీ, అంబేద్కర్‌ల మధ్య కుదిరిన 1932 నాటి పూనా ఒప్పందం గురించి ఉపాధ్యాయుడు చెప్పకపోతే ఆ లోటు విద్యార్థికి తోచే అవకాశం లేదు. అదే చిత్రంలోని జలియన్‌వాలాబాగ్ ఘట్టం మాత్రం ఎంతో విలువైనది. 1650 తూటాలు పేల్చారని పుస్తకంలో చదివినప్పుడు మనసుకెక్కని ఘోరం అక్కడ కళ్లకు కడుతుంది. ఆ వెంటనే వచ్చే, కాల్పులకు ఆదేశించిన డయ్యర్ విచారణ దృశ్యాన్ని, ఆ ఘటనపై విచారణ జరిపిన హంటర్ కమిటీ నివేదికతో పోల్చి చదివిస్తే, ఆధారాలను పరిశీలించే అలవాటు కూడా ఏర్పడుతుంది.

పై తరగతులవారికి మరో ప్రయోజనం ఉంది. రష్యాలో జరిగిన 1905 విప్లవం ఇరవయ్యేళ్ల స్మారకంగా 1925లో తీసిన ‘బ్యాటిల్‌షిప్ పొటెంకిన్’ చిత్రంలోని, ఒడెస్సా నగరపు మెట్లపై జరిగినట్లు చూపిన ఊచకోత, అక్కడ చూపినట్లుగా జరిగినది కాదు. అయినా తొలినాటి సోవియట్ ప్రభుత్వం తన గతాన్ని ఎలా చెప్పుకోదలచిందో తెలుసుకోవడానికి అది చక్కని ఆధారం.

కాబట్టి ముందు పాఠం చదివించి, మార్చిన అంశాలను పేరుపేరునా చెప్పి, అవసరమైన ఘట్టాన్ని మాత్రమే చూపాలని నా సూచన. ప్రతి చిత్రానికీ ఇంత పరిశీలన చేయడం ఒక్కొక్క ఉపాధ్యాయుడికి సాధ్యమయ్యే పని కాదు. పాఠ్యపుస్తకాలు రూపొందించే సంస్థలే, తరచుగా చూపే చిత్రాలకు కల్పనలనూ విస్మరణలనూ తెలిపే పత్రాలు తయారుచేసి పాఠశాలలకు అందించాలి. అవి అందేవరకు పూర్తి చిత్రాలను పాఠానికి బదులుగా ప్రదర్శించకపోవడమే మేలు.

భవదీయురాలు,
ఒక చరిత్ర ఉపాధ్యాయురాలు